వీధి తలుపు, కారు షెడ్డు షట్టరు మార్చాలంటే: గోదావరి డెల్టా ఇళ్లకి సమగ్ర మార్గదర్శి

ఇల్లు అమ్మకానికి పెట్టాలన్నా, అద్దెకివ్వాలన్నా, ఇంట్లో పెళ్లి కుదిరినా మన వైపు ముందు రంగులు వేయిస్తారు, తర్వాత వీధి తలుపు మీద పడతారు. పడటం తప్పు కాదు. కాకపోతే డబ్బంతా తలుపు మీది చెక్కడానికి పోసేసి, ఆ తలుపు నిలబడే చోటుని, అంటే గడపనీ ద్వారబంధం కాళ్లనీ కారు షెడ్డు షట్టరు కింది పట్టీనీ గాలికి వదిలేస్తారు. డెల్టాలో తలుపు పాడయ్యేది కింది నుంచే. నేల చెమ్మ కింది నుంచి ఎక్కుతుంది, చెదలు కింది నుంచే వస్తాయి, వానజల్లు కొట్టాక నీళ్లు నిలిచేదీ కిందే. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ల వెంట ఒక పెద్దాయన తప్పకుండా ఉంటాడు, ఆయన నెమళ్లనీ లతలనీ చూడడు, చెప్పులు విప్పుతూ గడప మూల బొటనవేలితో నొక్కి చూస్తాడు. అక్కడ మెత్తగా దిగిందా, మీరు చెప్పిన రేటు కూడా దిగుతుంది.

విలువ పెరుగుతుందా అసలు?

నెట్‌లో తిరిగే లెక్కలు అమెరికావి. అక్కడ ఏటా వచ్చే 'కాస్ట్ వర్సెస్ వాల్యూ' నివేదికలో 2024కి గరాజ్ తలుపు మారిస్తే పెట్టిన ఖర్చుకి సుమారు 194 శాతం, స్టీలు ముందు తలుపు మారిస్తే సుమారు 188 శాతం ఇంటి ధరలో తిరిగొస్తుందని తేలింది. అది అక్కడి ఇళ్ల సంగతి. గరాజ్ తలుపే ఇంటి ముఖంలో మూడో వంతు ఉంటుంది వాళ్లకి. ఆ శాతాల్ని తెచ్చి భీమవరంలోనో అమలాపురంలోనో అతికిస్తే అతకదు. మనకి ధర ప్రధానంగా స్థలానిది, సెంటు ఎంత, రోడ్డు వెడల్పెంత, ఏ ముఖం, ఇవి చూశాకే కట్టడం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టడం విలువ కట్టేటప్పుడు శ్లాబా రేకులా, ఎన్ని చదరపు అడుగులు, ఎన్నేళ్లది అని చూస్తారు గానీ మీ తలుపు టేకా వేపా అని ఎవరూ అడగరు.

మరి లాభమెక్కడ? బేరంలో. పుచ్చిన గడప, తుప్పు పట్టి కిర్రుమనే షట్టరు కనిపిస్తే కొనేవాడు వాటి ఖర్చొక్కటే తగ్గించి ఊరుకోడు, "ముందే ఇలా ఉంటే లోపల ఎలా ఉందో" అని దానికి నాలుగింతలు తగ్గించి అడుగుతాడు. ఆ మాట రాకుండా చేయడమే ఈ పని వల్ల వచ్చే విలువ. కాబట్టి అమ్మకం కోసమైతే గట్టిగా, శుభ్రంగా, సాదాగా చేయించండి. మీరే ఉండబోతుంటే మీ సరదా మీ ఇష్టం.

మొదటి పని: స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవడం

కార్పెంటర్‌ని పిలవకముందే ఇది మీరే చేయాలి, ఎందుకంటే వచ్చినాయన "మొత్తం మార్చేద్దామండి" అనే అంటాడు. సన్న స్క్రూడ్రైవరుతో ద్వారబంధం రెండు కాళ్లనీ నేల నుంచి అడుగున్నర ఎత్తు దాకా, గడపని ఈ చివర నుంచి ఆ చివరకి పొడుస్తూ వెళ్లండి. గోడకి ఆనుకున్న వైపు మరీ ముఖ్యం, చెదమట్టి గీతలు అక్కడే కనబడతాయి. తర్వాత చేత్తో కొట్టి వినండి, బోలుగా మోగితే లోపల తినేసినట్టే. తలుపు రెక్క కింది అంచు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. పాలిష్ లేకుండా తెల్లగా ఉంటే నీళ్లు తాగేది అక్కడినుంచే.

కాళ్లు, గడప గట్టిగా ఉండి రెక్కే పాడైతే రెక్క మాత్రం మార్చండి, సగం ఖర్చు మిగులుతుంది, గోడ పగలగొట్టే గొడవ ఉండదు. రెక్క బాగుండి కింది నాలుగంగుళాలే పుచ్చి ఉంటే అంతమేరా కోసి కొత్త కర్ర అతికించే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పాత మండువా ఇళ్ల తలుపులకి ఈ పద్ధతే మంచిది. ఆ కర్ర చేవ ఇప్పుడు డిపోలో డబ్బు పెట్టినా దొరకదు, దాన్ని పీకి పక్కన పడేసి ప్లైవుడ్‌తో చదునుగా చేసే ఫ్లష్ డోర్ పెట్టించడం నాకైతే మనసొప్పదు.

కాళ్లలో చెదలుంటే మాత్రం ముందు చెద మందు, తర్వాతే కొత్త కర్ర. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి మందు పోసి మూసేస్తారు. లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించండి. మన వైపు బోరు, బావి ఇంటికి ఆనుకునే ఉంటాయి, నేలలో నీళ్లు పైనే ఉంటాయి, కాబట్టి నుయ్యి ఎంత దూరంలో ఉందో వాళ్లకి ముందే చూపించండి.

ఏ కర్ర, లేక కర్రే వద్దా

వీధి గుమ్మానికి టేకుని మించింది లేదు, ఒప్పుకోవాలి. కానీ టేకంతా ఒకటి కాదు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు అడవి టేకుకి ఉన్న పేరు చెప్పి తోట టేకు అంటగడతారు. చూడాల్సింది చేవ. కోసిన చివర చూస్తే మధ్యలో ముదురు రంగు, అంచున తెల్లచెక్క ఉంటాయి. ఆ తెల్లచెక్కలో సారం లేదు, చెదలకి అదే ఇష్టం. ద్వారబంధం కాళ్లలో తెల్లచెక్క ఒక్క అంగుళం కూడా ఒప్పుకోకండి. మీద రంగు పూసి ఉన్న కర్ర కొనకండి, ఓ చోట చిత్రిక పట్టించి చూడండి, అసలు టేకు చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, వాసన తెలుస్తుంది. బిల్లు లేని కర్ర చవకగా వస్తుందంటే వద్దు, అడవి కర్రతో లారీ ఎక్కడైనా ఆగిందంటే ఆ టెన్షన్ మీకెందుకు.

వేప ద్వారబంధానికి వాడతారు, గట్టిదే, కానీ సరిగ్గా ఆరకపోతే మెలి తిరుగుతుంది. మొత్తం టేకు పెట్టలేకపోతే ద్వారబంధం, గడప టేకుతో చేయించి, రెక్కకి టేకు పలక అతికించిన ఫ్లష్ డోర్ పెట్టండి. తీసుకునేది నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూపీ రకమై ఉండాలి, తలుపు మీద ఫ్లష్ డోర్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 2202 ముద్ర వెతకండి. ముద్ర లేదంటే మామూలు జిగురు కావచ్చు, అదైతే రెండు వానాకాలాలు చూస్తే పొరలు లేచిపోతాయి.

స్టీలు తలుపులు ఇప్పుడు ఊరూరా షోరూముల్లో ఉన్నాయి, తాళాలన్నీ బిగించి ఉంటాయి, ఒక్క పూటలో అమర్చేస్తారు. రాజమండ్రి, తణుకు, తాడేపల్లిగూడెం లాంటి లోపలి ఊళ్లకి ఫర్వాలేదు. అంతర్వేది, ఓడలరేవు, నర్సాపురం కింది ఊళ్లు, అంటే సముద్రపు గాలి తగిలే చోట నేను సలహా ఇవ్వను. పూత మీద చిన్న గీత పడితే చాలు, ఉప్పు గాలి అక్కడినుంచి లోపలికి దూరుతుంది. కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీకి చెదా పట్టదు, నీళ్లూ ఏమీ చేయవు. పెరటి గుమ్మానికీ బాత్రూముకీ అదే పెట్టండి. వీధి గుమ్మానికి మాత్రం మన జనం వేలితో తట్టి చూసి "ప్లాస్టిక్కా అండీ" అంటారు. అమ్మే ఇంటికి ఆ మాట మంచిది కాదు.

కొలత, కర్ర లెక్క

కర్ర ఘనపుటడుగుల్లో అమ్ముతారు. లెక్క మీకు తెలిసి ఉండాలి: వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో, మూడూ గుణించి 144తో భాగించడం. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపుకి 5×4 అంగుళాల ద్వారబంధం అనుకోండి. రెండు నిలువులు, పై అడ్డం, గడప కలిపి సుమారు 24 అడుగుల పొడవు, అంటే 24×5×4÷144, మూడుంపావు పైచిలుకు. అంగుళంన్నర మందం రెక్క ఇంకో మూడు. కోత, చిత్రిక తరుగు కలుపుకుని ఏడు, ఏడున్నర ఘనపుటడుగులు. ఎవరైనా పన్నెండు ఘనపుటడుగులు పడుతుందంటే అది మీ ఒక్క తలుపుకి కాదు.

కొటేషన్ అడిగేటప్పుడు కర్ర, మజూరీ, బందులూ తాళాలూ, పాలిష్, పాతది తీసి గోడ పూడ్చే మేస్త్రీ పని, ఈ అయిదూ విడివిడిగా రాయించుకోండి. "అన్నీ కలిపి ఇంత" అన్నచోటే తర్వాత గొడవలొస్తాయి. ముఖ్యంగా గోడ పూడ్చడం ఎవరిదో ముందే తేల్చుకోకపోతే కార్పెంటరు తాపీమేస్త్రీది అంటాడు, తాపీమేస్త్రీ ఫోనెత్తడు.

ఉన్న గుమ్మాన్ని ఉన్నచోటే ఉంచండి. వెడల్పు పెంచాలంటే గుమ్మం పైనున్న దూలం (లింటెల్) పొడవు చాలదు, పక్కకి జరపాలంటే వాస్తు అడిగే కొనుగోలుదారుతో కొత్త పేచీ.

ఎప్పుడు

సంక్రాంతి వెళ్లాక మార్చి లోపు. కారణం కర్రలోనే ఉంది. రోహిణి కార్తె ఎండల్లో కర్ర బిగుసుకుని చిన్నదవుతుంది, అప్పుడు సందు లేకుండా బిగించిన తలుపు శ్రావణంలో ఉబ్బి కదలదు, ఇంట్లో ఒకరు లాగాలి ఇంకొకరు తొయ్యాలి. వానాకాలంలో అమరిస్తే దానికి ఎదురు, వేసవికి సందులు తేలి దోమలకి దారి. తేమ కొలిచే చిన్న మీటరు కార్పెంటరు దగ్గరుంటే పెట్టి చూపించమనండి, 12 నుంచి 15 శాతం మధ్య ఉంటే కోతకి దిగొచ్చు. లేకపోతే కర్ర కొని పలకలు కోయించి, నీడలో గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి కొన్ని వారాలు వదలండి. తొందరపడితే పగులుతుంది, అంతే.

ద్వారబంధం కూడా మారుస్తుంటే అడ్వాన్సు ఇవ్వకముందే పంతులుగారిని అడగండి. నమ్మకం మీకు లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటుంది, మూఢాలు, శూన్యమాసం అడ్డొస్తే పని నెల్లాళ్లు వెనక్కి పోతుంది, ఈలోగా కార్పెంటరు ఇంకో ఇంట్లో దూరిపోతాడు. రెక్క మాత్రమే మార్చేటప్పుడు చాలామంది ఇంత చూడరు.

పాతది తీయడం, కొత్తది నిలబెట్టడం

పొద్దున్నే మొదలుపెట్టించండి, రాత్రికి గుమ్మం తెరిచి ఉండకూడదు కదా. ముందు రెక్క దించి, తర్వాత ద్వారబంధం నిలువుల్ని మధ్యకి రంపంతో కోస్తే గోడలోకి దిగిన ఇనుప పట్టీల నుంచి ముక్కలుగా ఊడొస్తుంది. సమ్మెటతో బాదనివ్వకండి, లింటెల్ కింద సున్నం రాలితే పగులు పైదాకా పాకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాత ద్వారబంధం కాళ్లు నేలలోకి దిగి ఉంటాయి, అందుకే అవి పుచ్చాయి. కొత్త కాళ్లని మళ్లీ కాంక్రీటులో పూడ్చకండి. కింద గ్రానైట్ పలక ఒకటి పరిపించి, దానికి బయటివైపు కొద్దిగా వాలు ఇచ్చి, గడప దాని మీద కూర్చోవాలి. గడప అడుగున, కాళ్ల కోత చివర్లకి, గోడకి ఆనే వైపంతా తారు పెయింటు రెండు పూతలు. కోత చివర అంటే కర్ర నీళ్లు పీల్చే నోరు, అక్కడ పూత మూడుసార్లు వేసినా తప్పులేదు. గడప కింద పసుపు, కుంకుమ, నవధాన్యాలు వేసే ఆనవాయితీ ఉన్నవాళ్లు వేసుకోండి, కానీ నవధాన్యాలు గుప్పెళ్లు కాకుండా చిటికెడు చాలు, గింజలు నాని పురుగుని పిలుస్తాయి.

నిలబెట్టాక తూకపు గుండుతో రెండు నిలువులూ రెండు వైపులా చూడాలి, గడపకి రసమట్టం పెట్టాలి, ఆపైన మూల నుంచి మూలకి టేపు పట్టి రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే ఒప్పుకోకండి, రెక్కని చిత్రిక పట్టి సర్దేస్తానంటాడు, సర్దిన తలుపు ఏటా సర్దించుకోవాలి. నిలువుకి మూడేసి చోట్ల పట్టీలు గానీ, పొడవాటి యాంకర్ బోల్టులు గానీ బిగించి, సందుల్లో సిమెంటు కూర్చి, మధ్యలో అడ్డకర్రలు కొట్టి వదిలేయండి. వారం రోజులు తడిపాకే రెక్క వేలాడదీయాలి. ఆ వారం రాత్రిళ్లు పాత రెక్కనో ప్లైవుడ్‌నో గుమ్మానికి అడ్డంగా బిగించుకోవచ్చు.

రెక్క, బందులు, దోమల తలుపు

టేకు రెక్క బరువు, కాబట్టి అయిదంగుళాల బందులు నాలుగు పెట్టించండి, మూడుతో సరిపెడతామంటే పై బందు నాలుగేళ్లకి వంగుతుంది. సముద్రం వైపు ఊళ్లలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, లోపలి ఊళ్లకి 304 చాలు. ఇత్తడి అందం, కానీ తోమేవాళ్లు ఉండాలి. రెక్కకి చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదలమనండి, ఇది వానాకాలానికి పెట్టే వాటా.

తాళం విషయంలో మంచి కంపెనీది, రెక్క మందంలోకి దిగే మోర్టైజ్ తాళం ఒకటి, లోపల గడియ ఒకటి. వేలిముద్ర తాళాలు హైదరాబాదులోనో విదేశంలోనో ఉండి ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకి పనికొస్తాయి, అయితే మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునే రకమే కొనండి, తుఫాను వేళ బ్యాటరీ అయిపోయి వీధిలో నిలబడకూడదు.

అద్దెకిచ్చే ఇల్లయితే ఒక మాట. చెక్కడం మానేసి ఆ డబ్బుతో స్టీలు మెష్ ఉన్న దోమల తలుపు పెట్టించండి. చుట్టూ కాలవలు, వరిచేలు, చెరువులు, ఇక్కడ సాయంత్రం ఆరయ్యాక తలుపు తెరిచి కూర్చోగలగడమే విలాసం. దీనికి ద్వారబంధంలో రెండో గాడి కావాలి, అందుకే ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాలి, తర్వాత పెడితే బయటికి అతికించినట్టు ఉంటుంది.

పాలిష్ దగ్గర అందరూ తప్పించుకునేది ఒకటుంది. రెక్కకి ఆరు ముఖాలు, పాలిష్ వేసేది రెండింటికి. పై అంచు, కింది అంచు, బందుల పక్క అంచు, తాళం పక్క అంచు కూడా వేశాకే బిగించమనండి, బిగించాక కింది అంచుకి కుంచె పట్టదు. బయటివైపు ఎండా వానా తగిలే తలుపుకి పీయూ (పాలీయురేథేన్) పాలిష్ మంచిది, మెలమైన్ లోపలి తలుపులకి. ఎదురు జల్లు కొట్టే గుమ్మమైతే పాలిష్ ఎంత ఖరీదైనదైనా నిలవదు, పైన రెండడుగుల సజ్జ ఉండాలి. లేకపోతే ముందు ఆ సజ్జ వేయించండి.

కారు షెడ్డు షట్టరు

మనకి గరాజ్ అంటే చాలావరకు ఇంటి పక్కన రేకుల షెడ్డు, లేదా పోర్టికోకి గేటు. మూయాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. ఇంటి కింద స్తంభాల మధ్య కార్లకి వదిలే స్టిల్ట్ పార్కింగ్‌ని షట్టరు వేసి గదిలా మూసేయడం ప్లాన్‌కి విరుద్ధం, అమ్మేటప్పుడు బ్యాంకు లోను దగ్గర అదే తగులుకుంటుంది.

మూసేదైతే గాలి లెక్క తెలియాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 పటంలో మన తీరం సెకనుకి 50 మీటర్ల గాలి వేగం ఉన్న జోన్, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంతో కొట్టే గాలి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు షట్టరు మీద అది టన్ను దాటుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకి ఈ అంకెలు చెప్పక్కర్లేదు. షట్టరు దాని పక్క గాడి (గైడు) నుంచి ఊడిందంటే గాలి లోపలికి దూరి షెడ్డు రేకుల్ని కింది నుంచి ఎత్తేస్తుంది, నష్టం అక్కడినుంచి మొదలవుతుంది.

అందుకని రోలింగ్ షట్టరు పట్టీల మందం అడగండి. మూడున్నర మీటర్ల లోపు వెడల్పుకి 0.9 మిల్లీమీటర్లు, పక్క గైడ్ ఛానల్ లోతు 65 మిల్లీమీటర్లు కనీసం. తీరానికి దగ్గరైతే వెడల్పు తక్కువైనా 1.25 మందం, 75 లోతు పెట్టించండి, పట్టీల చివర్లకి గాలికి ఊడకుండా పట్టే క్లిప్పులు వేయించండి. పట్టీలు రంగు వేసిన ఇనుము కాకుండా జింకు పూత ఉన్నవే కావాలి. మందం మాట మీద నమ్మకండి, బిగించకముందు ఓ పట్టీ తీసుకుని మందం కొలిచే వెర్నియర్‌తో కొలిస్తే చాలు, దుకాణం వాడి స్వరం మారిపోతుంది.

చిన్న షట్టరుని స్ప్రింగుతో చేత్తో ఎత్తొచ్చు, పెద్దదైతే గేరు గానీ మోటారు గానీ ఉండాలి. మోటారు పెడితే కరెంటు పోయినప్పుడు గొలుసుతో లాగే ఏర్పాటు తప్పనిసరి. స్విచ్చులూ కంట్రోల్ పెట్టె నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలి. లంక ఊళ్లలో, ఏటిగట్టు లోపలివైపు ఉన్నవాళ్లకి అది కూడా చాలకపోవచ్చు, పోయిన వరద గుర్తు చూసి దానికి పైన పెట్టుకోండి. పైన షట్టరు చుట్టుకునే డబ్బాకి అడుగుంపావు, అడుగున్నర జాగా పడుతుంది, అది పోగా కారు పైన రాక్ ఉన్నా దూరేంత ఎత్తు మిగలాలి. వెడల్పు తొమ్మిదడుగులకి తగ్గితే పెద్ద కార్ల అద్దాలు గీసుకుంటాయి.

ఇంకో సంగతి రోడ్డు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, మన షెడ్డు నేల పల్లమవుతుంది. షట్టరుకి ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న చిన్న కాలువ తీయించి నీళ్లు డ్రెయిన్‌లోకి పోయేలా చేయండి, షట్టరు కింది యాంగిల్‌కి రబ్బరు పట్టీ వేయించండి. జల్లునీళ్లు ఆగుతాయి. వరద నీళ్లు ఏ షట్టరూ ఆపదు. స్లైడింగ్ గేటు ఎంచుకునేవాళ్లకి ఇదే సమస్య, నేల మీది పట్టాలో మట్టి, కొబ్బరి పీచు చేరి చక్రం ఆగిపోతుంది, వారానికోసారి ఊడ్చే ఓపిక ఉంటేనే పెట్టండి.

షట్టరు స్ప్రింగులకీ గైడ్లకీ అక్టోబరు రాకముందే గ్రీజు పెట్టించండి. స్ప్రింగు బిగించడం, వదలడం సొంతంగా చేయకండి, బిగిసి ఉన్న స్ప్రింగు విడితే చెయ్యి విరుగుతుంది.

డబ్బు విషయానికొస్తే, కర్రకి ముందు ఇవ్వాల్సిందే, మిగతాది నిలబెట్టాక కొంత, పాలిష్ అయ్యాక కొంత ఇచ్చి, పదో వంతు మాత్రం మొదటి గట్టి వాన దాకా మీ దగ్గరే ఉంచుకుంటానని ముందే మాట్లాడుకోండి. పాత తలుపుని పనివాళ్లకి ఊరికే ఇచ్చేయకండి, పాత కర్ర కొనేవాళ్లని ఇద్దరిని పిలిచి విడివిడిగా అడగండి. పాత టేకు అయితే మజూరీలో కొంత భాగం అదే కట్టేస్తుంది.